మధుపాత్ర అడుగున దొంగ అక్షరాలు

తామ్రావళి రాజ్యానికి ముఖ్యపట్టణమైన కాంస్యనగరిలో, పీతనది ఒడ్డున, నూట ఎనిమిది ఎర్రని స్తంభాల మీద నిలిచిన పితృశాలను ఆ ఉదయం పెళ్ళివారి ఇల్లులా అలంకరించారు. గుమ్మాలకు పట్టు తెరలు కట్టారు, మెట్లకు చందనం అలికారు. ఒక ముసలివాడి రెండు చేతులు నరకడానికి అంత అలంకారం దేనికో ఆ అలంకరించినవాళ్ళకే తెలియాలి.

శాల మధ్య నల్లరాతి వేదిక మీద తొమ్మిది తరాల రాజుల మధుపాత్రలు వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నీ కంచువే, అన్నీ మూడుకాళ్ళవే. మూతి ఒకవైపు పిట్టముక్కులా ముందుకు సాగి ఉంటుంది. అంచు మీద రెండు గుబ్బలు, ఒళ్ళంతా ఉరుముల చుట్టలు, పొట్ట మీద గుడ్లురిమి చూసే మృగముఖం. పాతవాటికి పచ్చని చిలుము పట్టి, నాచు కమ్మిన రాళ్ళలా మెరుస్తున్నాయి. కాళ్ళ కింద నిప్పులు పెట్టి, లోపల కొర్రల సుర వెచ్చచేస్తే, పైకి లేచే ఆవిరి పితృదేవతలది, అడుగున మిగిలిన సుర రాజుది. తామ్రావళిలో కిరీటం లేకుండా రాజైనవాళ్ళు ఉన్నారు గాని, ఆ సుర తాగకుండా రాజైనవాడు లేడు.

ఆ ఉదయం సుర కడవలు మోస్తూ పితృశాల వైపు నడుస్తున్న పన్నెండుమందిలో పదకొండవవాడికి గడ్డం కాస్త పక్కకు జారింది. అతను చటుక్కున భుజంతో దాన్ని సర్దుకున్నాడు. పసుపు అంగీ, పెట్టుడు గడ్డం, కావడి బద్దకు రెండు కడవలు, ఒక కడవ అడుగున ఆకులో చుట్టిన తడిమట్టి ముద్ద. అతని పేరు తమాలుడు. రాజ్యంలోకెల్లా గొప్ప కంచరి లోహితాచారి దగ్గర పద్నాలుగేళ్ళుగా మట్టి తొక్కి, అచ్చులు కట్టి, పని నేర్చినవాడు. సుర వండే అవ్వను బతిమాలి ఆ వేషం సంపాదించాడు. బతిమాలవలసిన పని కూడా లేకపోయింది. సంగతి వినగానే ఆ అవ్వ తన కొడుకు అంగీ తానే విప్పించి ఇచ్చి, గడ్డం కూడా తానే అతికించింది.

ఇంతకూ లోహితాచారి చేసిన నేరం ఏమిటంటే, నిజం చెప్పడం.

తామ్రావళిలో రాజు బతికుండగానే తన తర్వాత ఎవరు ఏలాలో కంచరి చెవిలో మాత్రమే చెబుతాడు. కంచరి ఆ మాటను మధుపాత్ర లోపల అడుగున అక్షరాలుగా పోత పోస్తాడు. ఆ మాట పైకి చెప్పనని అగ్గి మీద ప్రమాణం చేస్తాడు. రాజు పోయాక పితృశాలలో ఆ పాత్రలో సుర కాచి, అడుగుదాకా తాగితేనే అక్షరాలు కనపడతాయి. ధర్మకేతు మహారాజు పోయిన పదకొండో రోజున, అన్నగారి పాత్రలో సుర నేను తాగుతానంటూ తమ్ముడు శూరకేతు ముందుకు వచ్చాడు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నా తమ్ముడు శూరకేతు ఏలుగాక" అని పైకి చదివాడు. ఏడుగురు కులవృద్ధులు పాత్రలోకి తొంగిచూసి, అక్షరాలు అలాగే ఉన్నాయన్నారు. ధర్మకేతు ఒక్కగానొక్క కూతురు మంజీర మాత్రం తండ్రి మాట అది కానే కాదంది. ఆమెను ఆ పూటే నదీబురుజులో పెట్టి తలుపు వేశారు.

అప్పుడు లోహితాచారిని పిలిచి అడిగారు. ముసలివాడు పాత్రను చేతిలోకి తీసుకుని, అడుగున బొటనవేలితో తడిమి, "ఈ అక్షరాలు నావి కావు" అన్నాడు. అంతకన్న ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ప్రమాణం ఉంది కాబట్టి. ఆ ఒక్క మాటకే పితృపాత్రను అవమానించాడని నేరం మోపి, నడిమధ్యాహ్నం మూడో భేరి మోగగానే రెండు చేతులూ మణికట్ల దాకా తీసేయమని శూరకేతు ఆజ్ఞ వేశాడు. అరవై ఏళ్ళు కంచు కరిగించి, రాజుల తాతలకు పాత్రలు చేసిన చేతులు అవి! తలుచుకున్నప్పుడల్లా తమాలుడికి ఒళ్ళు మండిపోయింది.

పితృశాల నడవాలో అడుగు పెట్టగానే కావడి మోసేవాళ్ళు ఆగారు. అక్కడ మనిషి నిలువెత్తున్న కంచు గంగాళం పక్కన మషీముఖుడు నిలబడి ఉన్నాడు. వాడు శూరకేతు కొలువులోని మాంత్రికుడు. ముఖానికి ఎప్పుడూ పొయ్యిమసి పూసుకుని ఉంటాడు. మసి మీద రెండు తెల్లని కళ్ళు తప్ప ఇంకేమీ కనపడదు. ధర్మకేతు పాత్రను పదకొండు రోజులు తన కాపలాలో ఉంచుకున్నది కూడా ఈ పెద్దమనిషే. వాడు ఒక్కొక్కరి చేతులు ముందుకు చాపించి చూస్తున్నాడు. తమాలుడి వంతు వచ్చింది.

మషీముఖుడు ఆ చేతులను ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూశాడు.

"సుర మోసేవాడి గోళ్ళలో అచ్చుమట్టి ఎందుకుందిరా?" అన్నాడు.

తమాలుడు తొణకలేదు. దారిలో కంచరివాడ దగ్గర కాలుజారి పడ్డానని, పడ్డా కడవ మాత్రం పగలనివ్వలేదని వినయంగా చెప్పుకున్నాడు. మాంత్రికుడు నవ్వి, ఆ గడ్డం పట్టుకుని లాగాడు. గడ్డం ఊడి వాడి చేతిలోకి వచ్చింది. మిగతా పదకొండుమందీ కావళ్ళు ఎక్కడివక్కడ దించేసి గోడకు అతుక్కుపోయారు.

మషీముఖుడు భటులను కూడా పిలవలేదు. గంగాళం మీద అరచేత్తో మూడుసార్లు చరిచి, పెదవుల చాటున ఏదో గొణిగాడు. కంచు గుమ్మని మోగింది. గంగాళం పొట్ట మీద ఉన్న మృగముఖం కళ్ళు తిప్పింది. కొమ్ములు చుట్టలు విప్పుకున్నాయి. మరుక్షణం ఆ ముఖం కంచును చీల్చుకుని, ఎద్దంత ఒంటితో, పచ్చని చిలుము రాలుస్తూ నడవాలోకి దూకింది. దానికి పై దవడ ఉంది, పళ్ళున్నాయి, కింది దవడ లేదు. మొదటి కంచరులు దాన్ని అలాగే చేశారు. ఎంత కొరికినా మింగలేదు గనక దాని ఆకలి ఎప్పటికీ తీరదు.

అది వస్తూనే ఒక స్తంభాన్ని కొరికి చెక్కలు చేసింది. తమాలుడు రెండు కడవలూ కిందికి జారవిడిచి, కావడి బద్ద తిప్పి దాని కంటి మీద కొట్టాడు. బద్ద ఖంగుమని ఎగిరొచ్చింది. కొమ్ము మీద కొట్టాడు, చేతులు తిమ్మిరెక్కాయి. మృగం అతని అంగీ చెంగు పట్టుకుని లాగి, సగం చించుకుపోయి, ఆ గుడ్డనే ఆబగా పీలికలు చేయసాగింది. ఆ కాస్త వ్యవధిలో తమాలుడు దాని ముఖాన్ని కంచరి కంటితో చూశాడు. ఎంత గొప్ప మృగమైనా అచ్చులో పుట్టిందే కదా. ఎడమ సగానికి ఒక అచ్చు ముక్క, కుడి సగానికి ఒక అచ్చు ముక్క, రెండూ కలిసే చోట ముక్కు మీద నిలువునా సన్నని అతుకు. పద్నాలుగేళ్ళుగా అలాంటి అతుకులు అరగదీసి అరగదీసి అతని వేళ్ళు కాయలు కాశాయి.

మృగం మళ్ళీ దూకింది. తమాలుడు పక్కకు తప్పుకోలేదు. ఎదురుగా నిలబడి, బద్ద మొనను ముక్కు మీది అతుకులో పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పొడిచాడు. టప్పున చప్పుడై మృగం నిలువునా రెండుగా విడిపోయింది. రెండు సగాలూ, ఒక్కో కన్నుతో, ఒక్కో కొమ్ముతో, రెండేసి కాళ్ళ మీద కుంటుతూ ఒకదాన్ని ఒకటి వెతుక్కోసాగాయి. అందులో ఒకటి పోయి పోయి మషీముఖుడి కాలిపిక్కలో పళ్ళు దించింది. మాంత్రికుడు మంత్రం మరిచిపోయి కేకలు పెడుతుంటే, తమాలుడు కడవ అడుగునుంచి మట్టి ముద్ద లాక్కుని పితృశాల లోపలికి పరుగెత్తాడు.

అప్పటికే రెండో భేరి మోగింది.

వేదిక ముందు చందనపు మొద్దు మీద లోహితాచారి చేతులు చాపి కూర్చుని ఉన్నాడు. తలారి గొడ్డలి భుజాన వేసుకున్నాడు. ఎత్తైన పీఠం మీద శూరకేతు, వాడికి ఇరుపక్కలా ఏడుగురు కులవృద్ధులు కూర్చున్నారు. స్తంభాల వెలుపల నగరమంతా కిక్కిరిసి నిలబడి ఉంది. తమాలుడు ఎవరినీ అడగలేదు. ఒక్క గెంతులో వేదిక ఎక్కి, మట్టి ముద్ద అక్కడ పెట్టి, ఒక చేత్తో ధర్మకేతు పాత్రను, ఇంకో చేత్తో ఆయన తాతగారి పాత్రను పట్టుకున్నాడు. భటులు ఈటెలు ఎత్తారు, కాని పితృపాత్రలకు ఈటె తగిలితే ఎవరి తల పోతుందో తెలియక ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయారు.

"అయ్యలారా, నన్ను తర్వాత చంపుదురుగాని. ముందు ఈ మట్టి చూడండి" అన్నాడు తమాలుడు.

అతను గబగబా చెప్పుకుపోయాడు. కంచరి అక్షరాన్ని లోహం మీద చెక్కడు. పాత్ర లోపలి ఆకారానికి ఒక మట్టిదిమ్మ చేస్తాడు, దాన్నే గర్భం అంటారు. దాని మీద మెత్తని మట్టితో అక్షరాలు నిలబెట్టి, ఊడిపోకుండా వాటి తలలను బొటనవేలితో నొక్కుతాడు. తల వెడల్పవుతుంది, మెడ సన్నగా ఉంటుంది. కరిగిన కంచు ఆ మెడ చుట్టూ చేరి గడ్డకడుతుంది. అందుకే పోత అక్షరానికి మూతి ఇరుకు, అడుగు వెడల్పు. ఉలి అక్షరం అలా కాదు. దానికి మూతి వెడల్పు, అడుగు సన్నం. కంటికి రెండూ ఒకటే, మట్టికి మాత్రం తేడా తెలుస్తుంది.

ముద్దలో సగం తుంచి తాతగారి పాత్ర అడుగున అదిమి, లాగాడు. మట్టి చిరిగింది. అక్షరాలు మట్టిని లోపలే పట్టుకుని ఉంచేశాయి. మిగతా సగాన్ని ధర్మకేతు పాత్రలో అదిమి, లాగాడు. మట్టి వెన్నముద్దలా నున్నగా ఊడివచ్చింది. "నా తమ్ముడు శూరకేతు ఏలుగాక" అన్న అక్షరాలు దాని మీద తిరగబడి, ఒక్క ముక్క విరగకుండా నిలబడి ఉన్నాయి. దొంగపని చేయించినవాడు దేశంలోకెల్లా మంచి శిల్పినే పెట్టుకుని అసలు రాత గీకించి, దాని చోట ఈ రాత చెక్కించాడు. కంచరిని పెట్టుకోవాలని మాత్రం తోచలేదు.

ఏడుగురు కులవృద్ధులూ ఆ మట్టిని చూశారు. చూసి, తమ కాళ్ళవైపు చూసుకున్నారు. ఒకాయన ఉత్తరీయం మడతలు సర్దుకున్నాడు. రాజ్యంలో పండిన మొదటి కంకి, పిండిన మొదటి సుర వీళ్ళ ఇళ్ళకే చేరుతుంది, ఇలాంటి రోజున నోరు తెరవాలని. ఆ రోజు వచ్చినప్పుడు నోళ్ళకు తాళాలు పడ్డాయి.

నలభై ఏళ్ళుగా ఆ పాత్రల్లో సుర పోసే పూజారిణి ధాత్రమ్మ ఒక్కతే ముందుకు వచ్చింది. రెండు పాత్రల్లోనూ వేలు పెట్టి తడిమింది.

"పిల్లవాడు చెప్పింది నిజం. ఇవి ఉలి అక్షరాలు" అంది.

శూరకేతు ముఖం నల్లబడింది, కాని వాడు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. పోతలో అక్షరాలు సరిగ్గా పడకపోతే తానే మళ్ళీ చెక్కించానని, మాట మాత్రం అన్నగారిదేనని తాపీగా చెప్పాడు. కాదంటే అసలు మాటేదో ఈ ముసలివాడినే చెప్పమన్నాడు.

లోహితాచారి తలెత్తాడు. "నేను చెప్పకూడదు బాబూ. రాజు నా చెవిన వేశాడు, నేను మట్టిలో పెట్టాను. కావలసినవాళ్ళు మట్టినే అడగండి."

తమాలుడికి శూరకేతు మీద ఎంత కోపం వచ్చిందో గురువు మీదా అంత కోపం వచ్చింది. "దొంగ ప్రమాణాలు చేసినవాడు సింహాసనం మీద కూర్చున్నాడు. ఇక్కడ చేతులు పోతుంటే తమరికి ఇంకా ఆ ప్రమాణం ఏమిటి గురువుగారూ?" అన్నాడు.

"వాడి ప్రమాణం వాడిది. నాది నాదిరా" అన్నాడు ముసలివాడు.

శూరకేతు చెయ్యి ఊపాడు. మూడో భేరి మోగింది. తలారి గొడ్డలి ఎత్తాడు.

తమాలుడు వేదిక మీదినుంచి మొద్దు దగ్గరికి దూకాడు. చేతిలో ఉన్న మట్టినంతా గురువు రెండు చేతుల చుట్టూ, వేళ్ళ సందుల్లో, మణికట్ల దాకా పొదిగి, అంచులు కలిపి, పైన తన బొటనవేలి ముద్ర వేశాడు. అచ్చు మూసినప్పుడు కంచరి చేసే పని అదే. ముద్రపడిన పచ్చి అచ్చును ఆరేదాకా ఎవరూ తాకరాదన్నది తామ్రావళిలో మొట్టమొదటి రాజు పెట్టిన కట్టు. పూర్వం ఒక రాకుమారుడు తొందరపడి పచ్చి అచ్చు తెరిపించి, ఎగజిమ్మిన కంచుకు నలభైమందిని బలిచేశాడట. అప్పటినుంచి దాన్ని తాకినవాడి తాతలకు సుర ఆవిరి అందదని శాపం. ఆ కట్టు రాజుకూ ఉంది, తలారికీ ఉంది.

తలారి గొడ్డలి దించేశాడు. "మూసిన అచ్చు మీద వెయ్యలేను ప్రభూ. నా తాతలకి సుర ముట్టకుండా పోద్ది" అన్నాడు.

శూరకేతు పళ్ళు పటపటా కొరికాడు. ఆ కట్టును తోసిపుచ్చితే, తాను తాగిన సురకూ విలువ ఉండదు. అందుకని అచ్చు ఆరగానే చేతులు తీయాలన్నాడు. ఆ మట్టి మామూలుగా మూడు రోజులకు గాని ఆరదు. కాని అప్పుడే కుంటుకుంటూ వచ్చిన మషీముఖుడు రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఏదో అరిచాడు. ఉన్నట్టుండి దక్షిణం నుంచి కొలిమి తెరిచినట్టు వడగాలి కొట్టింది. పట్టు తెరలు చిటపటలాడాయి. మట్టి అంచు మీద అప్పుడే సన్నని నెర్ర విచ్చింది. ఈ లెక్కన పొద్దు వాలేలోపలే ఆరిపోతుంది.

"మట్టినే అడగండి" అన్న మాట అప్పుడు తమాలుడికి తట్టింది. పాత్ర పోత పోశాక, తలలు కంచులో తెగిపోయినా అక్షరాల మొదళ్ళు నిలిచి ఉన్న గర్భాన్ని పారేయరు. ఆ పాత్ర చేయించిన రాజు చనిపోతే సమాధిలో ఆయన తల కింద పెడతారు. ధర్మకేతు అసలు మాట రెండు క్రోసుల అవతల, రాజసమాధుల కొండలో, ఆయన తల కిందే ఉంది. ఆ తలుపు తాకినవాడిని అక్కడికక్కడే చంపాలని కావలివాళ్ళకు ఆజ్ఞ. అయినా ఇక ఆలోచించేందుకు ఏముంది?

అతను నడవాలోకి పరుగెత్తి, మోసేవాళ్ళు దించిన సుర కడవలను మెట్ల మీద దొర్లించాడు. వెంటబడిన భటులు చందనం మీద, సుర మీద జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. పరుగెత్తుతూనే వెనక్కి తిరిగి చూశాడు. ధాత్రమ్మ పితృదేవతల కోసం కాచిన సురను గరిటెతో తెచ్చి, లోహితాచారి చేతుల మీద పోస్తోంది. శూరకేతు వద్దని గద్దించాడు.

"తాకకూడదన్నారు నాయనా, తడపకూడదని ఎవరన్నారు?" అంది ఆమె. ఇంకో గరిటె పోసింది.

అంతవరకు స్తంభాల వెలుపల నోరు మెదపకుండా నిలబడిన జనంలోంచి సుర వండే అవ్వ నడుముకు కొంగు చుట్టుకుని నది వైపు నడిచింది. ఆమె వెనక కుమ్మరివాడ ఆడవాళ్ళు కదిలారు. వాళ్ళ వెనక పడవవాళ్ళు, చాకళ్ళు, కంచరులు కదిలారు. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరూ ఆయుధం పట్టలేదు. కుండలు, చెంబులు, తడి గుడ్డలు పట్టుకుని నదినుంచి పితృశాల దాకా బారులు తీరారు. నీళ్ళు మోసేవాళ్ళను ఏ నేరం కింద పట్టుకోవాలో భటులకు తోచలేదు.

తమాలుడు ఆ వడగాలికి ఎదురు పరుగెత్తాడు. ఇసుక కళ్ళలో కొట్టింది, పెదవులు పగిలాయి. రెండు క్రోసులూ ఎలా దాటాడో అతనికే తెలియదు. కొండ ఎక్కేసరికి ధర్మకేతు సమాధి కంచుతలుపు ముందు ఇద్దరు కావలివాళ్ళు కత్తులు దూసి నిలబడి ఉన్నారు. ఒకడు నెరిసిన మీసాలవాడు, ఒకడు నడివయసువాడు. తమాలుడి చేతిలో కావడి బద్ద కూడా లేదు. అతను ఆయాసంతో వంగి, చంపితే చంపండి గాని ఒక్క మాట వినమన్నాడు, గురువు చేతులకు పొదిగిన మట్టి ఆరితే ఆ చేతులు పోతాయన్నాడు.

నెరిసిన మీసాలవాడు అతని వైపు చూడలేదు. కొండ కిందికి, పితృశాల వైపు చూస్తున్నాడు. అంత దూరంనుంచి కూడా నది ఒడ్డున కదిలే బారులు కనపడుతున్నాయి.

"అది లోహితాచారి చేతులకేనా?" అని అడిగాడు.

అవునన్నాడు తమాలుడు. గాలి పెరుగుతోందని, ఎంత పోసినా నీళ్ళు చాలవని చెప్పాడు.

ముసలి కావలివాడు కత్తి ఒరలో పెట్టాడు. తలమీది కంచుటోపీ తీసి బోర్లించి, ఎన్ని నీళ్ళు పడతాయో చూసుకున్నాడు. రెండోవాడు కూడా తన టోపీ తీశాడు.

"మేం నీళ్ళకి పోతున్నాం. మేం లేనప్పుడు తలుపు ఎవరు తీశారో మాకు తెలీదు" అన్నాడు ముసలివాడు.

వాళ్ళిద్దరూ టోపీలు చంకన పెట్టుకుని కొండ దిగిపోయారు. తమాలుడు కళ్ళు తుడుచుకుని, కంచుతలుపుకు భుజం ఆనించి తోశాడు. తలుపు మూలిగి, మనిషి పట్టేంత సందు ఇచ్చింది. అతను లోపలికి దూరీదూరగానే, వెనక తలుపు దానంతట అదే మూసుకుపోయింది. ఆ చీకట్లో, ధర్మకేతు మహారాజు పడుకున్న వైపునుంచి, మెల్లగా ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. అది ఎవరి ఊపిరైనా, తనకు కావలసిన గర్భం ఆ తల కిందే ఉంది గనక తమాలుడు ఆ ఊపిరి వైపే నడిచాడు.